సొరంగంలో ఆగిన రైలు

సరిగ్గా సూది గుచ్చబోయే సమయానికి బొమ్మరైలు సొరంగంలో ఆగిపోయింది.

మంచం మీది బుడతడు చెయ్యి లాక్కుని గుక్కపట్టాడు.

పిల్లల వార్డులో అదొక అలవాటు. రైలు అట్టపెట్టె సొరంగంలోకి దూరగానే సూది వేసేస్తారు. ఎప్పుడు బయటికొస్తుందా అని పిల్లలు కళ్ళప్పగించి చూస్తుంటారు. అది వచ్చేసరికి పని అయిపోతుంది.

పెద్ద నర్సు సెలవు ముగించుకుని ఆ పొద్దునే డ్యూటీలో చేరింది.

"దీనికేం రోగం వచ్చింది?" అంది విసుగ్గా.

"వేడెక్కితే ఆగిపోతోందండీ."

కిటికీ కింద నేల మీద కూర్చున్న మనిషి, రైలు ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్గు పీకి మూత విప్పుతున్నాడు.

"చల్లగా ఉంటే బాగానే నడుస్తుంది. లోపల ఎక్కడో అతుకు వదులైంది. చల్లారాక మళ్ళీ చూడాలి."

"మీరెవరు? కరెంటు మనిషా?"

"రైలు మామయ్య!" పక్క మంచం పాప అందుకుంది. "రోజూ వస్తాడు. మా మామయ్య."

"నీకొక్కదానికేనా? మాక్కూడా!" అవతలి మంచం నుంచి తగువు.

నర్సు నవ్వాపుకుంది. వీళ్ళలోనే ఎవరి నాన్నో అనుకుంది.

మధ్యాహ్నం మందుల వేళకీ అతను అక్కడే ఉన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూస్తున్నవాడిలా కూర్చున్నాడు.

కాసేపటికి వరండాలోంచి కాలిన వాసన వచ్చింది. వెళ్ళి చూస్తే, టంకం వేస్తున్నాడు.

నర్సుకి ఒళ్ళు మండింది.

"ఏమండీ, ఇది ఆసుపత్రి అనుకున్నారా, మీ షెడ్డు అనుకున్నారా?"

"దొరికిందండీ. ఈ ఒక్క అతుకే. అయిపోయింది."

"కన్నబిడ్డని మంచాన వదిలేసి పొద్దస్తమానం ఈ బొమ్మతో కాలక్షేపమా? ఆ ఓపికేదో బిడ్డ మీద చూపించండి!"

అతని చెయ్యి ఆగింది.

మూత బిగించాడు. వార్డులోకొచ్చి ప్లగ్గు పెట్టాడు.

"బాగా వేడెక్కేదాకా తిరగనివ్వండి. అప్పటికీ ఆగకపోతే నయమైనట్టే. కాసేపుండి చూసి..."

"అది మేం చూసుకుంటాం. మీరు నడవండి."

అతను సరేనన్నట్టు తలూపి మెట్లు దిగిపోయాడు.

రైలు తిరిగింది. పెట్టె వేడెక్కింది. అయినా ఆగలేదు.

సాయంత్రం బుడతడి వంతు వచ్చింది. రైలు సొరంగంలోకి దూరి, కూత పెట్టినంత ధీమాగా అవతలికొచ్చింది.

"ఇంకా వెయ్యలేదేం?" అన్నాడు వాడు, చెయ్యి చాపుకునే.

సూది ఎప్పుడో ట్రేలో పడి ఉంది.

నర్సు మనసు చివుక్కుమంది. మంచి మాటైనా అనకుండా మనిషిని తరిమేసింది.

నేల తుడుస్తున్న ఆయాని పిలిచింది.

"ఆ రైలాయన ఏ మంచం తాలూకు? ఒకసారి రమ్మను. చేసిన పని కళ్ళారా చూసుకోనీ, పాపం."

ఆయా చేతిలో తడిగుడ్డ ఆగిపోయింది.

"ఏ మంచమూ కాదు సిస్టరమ్మా."

"మరి?"

"మీరు సెలవులో ఉండగా ఆయన పాప పోయింది. ఇక్కడుండిపోయిన ఆ పిల్ల చెప్పులు తీసుకెళ్దామని మర్నాడొచ్చాడు. రైలు ఆగిపోయిందని ఈ పిల్లలు ఏడుస్తుంటే, ఆ చెప్పులు పక్కన పెట్టి కూర్చుండిపోయాడు."