చెరి సగం

బావ పెట్టె మూత తెరిచాడు. బావమరిది వంగి చూశాడు.

సరంగు ప్రతి పెట్టెలో అల్లి పెట్టే తాడుముడి ఇందులో లేదు. దాని చోట అంగుళం బ్రష్ ఒకటి ఉంది. కొత్తది, ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు.

"మన షాపుదే," అన్నాడు బావ.

"ఊళ్ళో అందరూ కొనేది మన దగ్గరే కదా బావా."

"అందరికీ ఈ చోటు తెలియదు కదరా."

కింద అలలు బండలకు కొట్టుకుంటున్నాయి. కొండ అంచున నడకదారి పొడుగునా వాళ్ళిద్దరు తప్ప మనిషి లేడు.

ఆట సంగతి ఇది. ఎవరో ఒక పెట్టె దాస్తారు. అది ఉన్న చోటుకి రెండు అంకెలు ఇస్తారు, ఒకటి ఉత్తరం లెక్క, ఒకటి తూర్పు లెక్క. రెండూ ఫోన్‌లో కొడితే దారి చూపిస్తుంది. దొరికినవాడు పెట్టెలోంచి ఒక వస్తువు తీసుకుని, అంతకు తక్కువ కానిది ఒకటి పెట్టి రావాలి. మొదట చేరినవాడిదే గొప్ప. వర్తకుడికి ఇంతకంటే నచ్చే ఆట ఉండదు.

ఇక్కడ పెట్టెలు దాచేది ఒక్కడే, ఓడ పని మానేసి ఒడ్డున స్థిరపడ్డ సరంగు. తన పడవకి వార్నిషు వీళ్ళ రంగుల షాపులోనే కొంటాడు. ఆ చనువుతో కొత్త పెట్టె అంకెలు శుక్రవారమే వీళ్ళకి చెప్పేస్తాడు. ఫోన్‌లో అందరికీ పెట్టేది సోమవారం. నడుమ ఆదివారం వీళ్ళ సొంతం. పాత ఖాతాకి తగ్గింపు ఇవ్వడం లాంటిదే, అందులో తప్పేముందని బావ ఉద్దేశం.

అయినా ఎవరో వీళ్ళకంటే ముందు వచ్చి వెళ్ళారు. సరంగు ఇంకెవరికీ చెప్పడు. బావ వెళ్ళలేదు. మిగిలింది ఎవరో తేల్చడానికి కాగితం, పెన్ను అక్కర్లేదు.

"నిన్న స్కూటర్ మీద ఎక్కడికి పోయావు?"

"పంక్చరు వేయించడానికి. చెప్పాను కదా."

"నీ టైరు శనివారం చూసుకునే పంక్చరవుతుందా?"

ఇంటికొచ్చినా మాటలు ఆగలేదు. "ఆటకి ఇంత గొడవేమిటండీ," అంది బావ భార్య. ఆవిడ బావమరిదికి అక్క. అసలీ ఆటని ఇంటికి తెచ్చిందే ఆవిడ. మొదట్లో ముగ్గురూ కలిసే నడిచారు. తర్వాత ఆదివారం షాపు ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చింది. గల్లాపెట్టె దగ్గర నమ్మకమైన మనిషి ఉండాలని ఇద్దరూ ఆవిడకే ఓటేశారు.

ఇప్పుడూ ఆ నమ్మకమే పనికొచ్చింది. "లాకరుకి రెండు తాళాలుంటాయి చూడు, అలా చేద్దాం," అన్నాడు బావ. శుక్రవారం సరంగు రాగానే ఇద్దరూ వెనక గోడౌనులోకి వెళ్ళి కూర్చున్నారు. సరంగు చెప్పింది ఆవిడ విని, మొగుడి చెవిలో ఉత్తరం లెక్క చెప్పింది, తమ్ముడి చెవిలో తూర్పు లెక్క చెప్పింది.

"సగం అంకెతో బయల్దేరితే సముద్రంలో తేలతావు," అన్నాడు బావ.

"నువ్వు తేలవులే బావా, నీ బరువుకి," అన్నాడు బావమరిది. ఇద్దరూ నవ్వారు. చాలా రోజుల తర్వాత కలిసి నవ్వడం అదే.

శనివారం బేరాలు బాగా సాగాయి. ఆవిడ ఎప్పట్లాగే లారీ ఆఫీసుకి వెళ్ళి సరుకు విడిపించుకొచ్చింది. బావమరిది ప్రైమర్ డబ్బాలు సర్దాడు. బావ బాకీల కోసం వీధులు తిరిగొచ్చాడు.

ఆదివారం కొండ కింద నిలబడి రెండు సగాలూ కలిపారు. సరుగుడు చెట్లు దాటి, బండ చీలికలో చెయ్యి పెట్టి పెట్టె తీశారు.

తాడుముడి లేదు. అంగుళం బ్రష్ ఉంది.

"నా సగం నీకెలా దొరికిందిరా?"

"నీ సగం నాకెందుకు దొరుకుతుంది? నా సగమే నీకు దొరికింది. నేను స్నానానికి వెళ్తే నా ఫోన్ తీసి చూసుంటావు."

"దొంగతనం చేసి నా మీదకే తోస్తావా?"

దిగేటప్పుడు ఒకడు ముందు, ఒకడు చాలా వెనక. షాపు పెట్టిన నాటి నుంచీ వాళ్ళిద్దరూ అలా విడివిడిగా నడిచింది లేదు.

మరునాడు షట్టర్ ఎత్తుతూనే బావ తేల్చేశాడు. "అంకెని చెరి సగం చేస్తేనే నమ్మకం నిలబడలేదు. షాపు ఇంకేం నిలబడుతుంది?"

"ఇన్నేళ్ళు నీ పక్కనే నిలబడ్డాను బావా."

"అదే నా బాధ. పక్కన నిలబడ్డవాడికే సందులన్నీ తెలుస్తాయి."

బావమరిది ఇంక బతిమాలలేదు. సరుకు రెండు వాటాలు చేస్తూ ఎనామెల్ ఒక గోడకి, డిస్టెంపర్ ఒక గోడకి చేర్చడం మొదలుపెట్టాడు. రంగులు కలిపే మిషన్ దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. దాన్ని కోయడం కుదరదు.

"నువ్వే ఉంచుకో," అన్నాడు బావమరిది. "ఆ పెట్టె తెరిచి నన్ను దొంగలా చూసిన నీ మొహం చాలు నాకు, బతికినంత కాలం గుర్తుంటుంది."

బావ బయటికెళ్ళి పెయింటర్‌ని పిలిచాడు. బోర్డు మీద రెండో పేరు చెరపడానికి పెయింటర్ నిచ్చెన ఎక్కాడు.

గల్లాపెట్టె వెనక నుంచి ఆవిడ లేచొచ్చింది. "దిగవయ్యా," అంది పెయింటర్‌తో. అతను బావ వైపు చూశాడు. "ఆయన్ని కాదు, నన్ను చూసి దిగు," అంది.

అతను దిగాడు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఉత్తరం మీ చెవిలో, తూర్పు వాడి చెవిలో చెప్పి, రెండూ కలుపుకుని ముందురోజే కొండెక్కి వచ్చింది నేనండీ."