దగ్గితే ఆగే మిషన్

"జమునా, నీకు దండం పెడత. జర టేబుల్ కిందికి దూరు!" వెంకటేశ్ భార్యని బతిమాలాడు.

"కంప్యూటరే తిప్పుతదంటివి గద?"

"మోటర్లు గుయ్యిమంటున్నయి గని మిషన్ కదుల్తలేదు. గాయన చౌరస్త దాక వచ్చిండట!"

చొప్పదండిలో వెల్డింగ్ దుకాణం పెట్టి ఈగలు తోలుకుంటున్న వెంకటేశ్, లోహాన్ని చెక్కే, చేత్తో తిప్పే చిన్న మిల్లింగ్ మిషన్‌ని కంప్యూటర్‌తో నడిపిస్తానని పంతం పట్టాడు. కొత్తది కొనే తాహతు లేదు. పాత ప్రింటర్ల మోటర్లు పీకి బిగించాడు. కరీంనగర్‌లో ఇత్తడి నేమ్‌ప్లేట్లు చేసే జబ్బార్ పెట్టిన వీడియో చూసి నేర్చిన విద్యే అదంతా. మిషన్ నడిస్తే తన ఆర్డర్లలో సగం ఇస్తానని, చూడ్డానికి ఆ జబ్బారే వస్తున్నాడు. ఇది పోతే దుకాణానికి తాళమే.

"నేను మీట నొక్కంగనే తిప్పు. నేను దగ్గంగనే ఆపు."

సైకిల్ చైన్ వేసి మిషన్ హ్యాండిల్‌ని కిందికి దించాడు. జమున తిట్టుకుంటూనే దూరింది. టేబుల్‌కి ముందు ఓ దుప్పటి వేలాడదీశాడు.

జబ్బార్ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. వెంకటేశ్ మీట నొక్కాడు. ఇత్తడి పలక కదిలింది. దాని మీద గీత తిన్నగా పడుతోంది.

"గాజుల సప్పుడు వస్తుందేంది తమ్మీ?"

"బేరింగులు భాయ్. పాతయి గద."

ఇంతలో ఇత్తడి పొడి గొంతులోకి పోయి జబ్బార్ దగ్గాడు. మిషన్ టక్కున ఆగింది. వెంకటేశ్ గుండె కూడా ఆగినంత పనైంది.

"నేను దగ్గితె గిదెందుకు ఆగింది?"

"సెన్సార్ భాయ్! మనిషికి తక్లీఫ్ అయితె దానికి తెలుస్తది."

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. వెంకటేశ్‌ది ఎక్కడికక్కడ ఊడిపోతోంది.

జబ్బార్ లేచాడు. టేబుల్ చుట్టూ తిరిగాడు. వెంకటేశ్ అడ్డం పడేలోపే దుప్పటి ఎత్తాడు. చెమటతో తడిసిపోయిన జమున, చేతిలో హ్యాండిల్‌తో బిక్కమొహం వేసింది. సగం ఆర్డర్లూ గోదాట్లో కలిసినట్టేననుకుని వెంకటేశ్ కళ్లు మూసుకున్నాడు.

జబ్బార్ ఆమె పక్కన గొంతుకు కూర్చున్నాడు.

"మోకాళ్ల కింద మెత్త ఏసుకో చెల్లె. నా వీడియోల మిషన్‌ను గూడ మా ఇంటామె అజీజా గట్లనే తిప్పుతది. ఆమె ఒక్కతితోని అయితలేదనే సగం ఆర్డర్లు మీకిస్తున్న!"