డిపెండెంటు గారి సెలవు

"ఈ ఏడాదికి నాకెంత రేటింగిస్తావు?" గరిటె పట్టుకుని భార్యనడిగాడు మాజీ మేనేజరు.

ఆవిడ లాప్‌టాప్‌లోంచి తలెత్తలేదు. "బాగానే చేస్తున్నారు. ఉప్పు విషయంలోనే ఇంకాస్త శ్రద్ధ పెట్టాలి."

ఏడాది కిందట ఆవిడను డిపెండెంటు వీసా మీద ఈ దేశంలో దింపింది అతనే. వేసవి దాటకుండానే అతని కంపెనీ చాప చుట్టేసింది. ఆవిడకేమో ఉద్యోగం దొరికింది. ఓడలు బళ్ళయ్యాయి. ఇప్పుడు వీసా ఆవిడది, డిపెండెంటు అతను. చుట్టాలకు మాత్రం "కావాలనే బ్రేక్ తీసుకున్నా" అని చెబుతున్నాడు.

"నీకు ఉప్పొక్కటే కనిపించిందా? పిల్లదాని స్కూలు, బట్టలు, అంట్లు... నడుం వాల్చే తీరిక లేదు నాకు!"

"ఇంట్లోనే కదండీ ఉంటారు!"

అతనికి ఒళ్ళు మండింది. "అయితే ఈ ఆదివారం నాకు సెలవు. ఫ్రెండ్స్‌తో బయటికి పోతున్నా."

"హాయిగా వెళ్ళిరండి. నేనేమన్నా వద్దన్నానా?"

బతిమాలించుకుంటుందేమో అనుకున్నవాడికి మొహం చేటంత అయింది. వెంటనే ఫ్రెండుకి ఫోన్ చేయబోయాడు.

"వంట మాత్రం చేసిపెట్టి వెళ్ళండి," అంది ఆవిడ.

అతని చెయ్యి ఫోన్ మీదే ఆగిపోయింది. ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అని బుర్ర గోక్కున్నాడు.

కూర అడుగంటుతున్న వాసన వచ్చేసరికి గుర్తొచ్చింది. అది విన్న మాట కాదు. స్నేహితురాలింటికి వెళ్తానని ఆవిడ అడిగిన ప్రతిసారీ, లాప్‌టాప్‌లోంచి తలెత్తకుండా తను అన్న మాట.