చెంప మీద పొర

"నీ చెంప ఒకసారి తాకి చూడనా, పాపా?" అని అడిగింది సుప్రియ.

ఆసుపత్రి బెంచీ మీద పక్కనే కూర్చున్న ఎనిమిదేళ్ల షాహిస్తా సంబరంగా మొహం ఇటు తిప్పింది. నాయుడుపేటలో వాళ్ల నాయన టీ అంగట్లో మరిగే డికాషన్ ఒలికి కాలిన చెంప అది.

"చూడక్కా, మచ్చే లేదు! ఎవరికో కాన్పయితే, ఆ బిడ్డ చుట్టూ ఉండిన పొర తెచ్చి నాకు కప్పినారంట. కింద కొత్త చర్మం వచ్చినాక అదే ఊడిపోయింది."

సుప్రియ వేళ్లు చెంపంతా వెతికినాయి. ఒక్క గీత కూడా తగల్లేదు.

"నీకూ కాలిందా అక్కా?"

"లేదమ్మా. కాన్పుకి కడుపు కోసినారు. ఆ కుట్లు చూపించుకుందామని వచ్చినా."

"నువ్వు కూడా ఆ పొర వేయించుకో. మచ్చ పోతుంది."

సుప్రియ తల దించుకుంది. ఆపరేషన్‌కి ముందు డాక్టరమ్మ ఆ పొర అడిగితే, "మాయనీ పొరనీ పెరట్లోనే పాతాల, ఎవురికీ ఇయ్యకూడదు" అని అత్త మొత్తుకుంది. అయినా సుప్రియ సంతకం పెట్టింది. బిడ్డ మూడు రోజులే బతికినాడు. ఫొటో తీసుకోవాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆ పొర ఈ పిల్లకే వేసినామని నర్సు ఇందాక చెప్తే, వచ్చి ఈ బెంచీ మీద కూర్చుంది.

"అడుగక్కా, డాక్టరమ్మ వేస్తుంది" అంది పిల్ల మళ్లీ.

సుప్రియ కొంగు కడుపు మీదికి లాక్కుంది.

"వద్దులేమ్మా. ఇదొక్కటన్నా ఉండనీ."