తొక్కు... వదులు

“తొక్కు!”

కారు వెనక నుంచి ఆయన అరిచాడు. డ్రైవరు సీట్లో కూర్చున్న భార్య బ్రేకు తొక్కింది.

“వదులు!”

“వదిలానండీ.”

జాకీ మీద లేచి ఉన్న వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పబోయాడు. కదల్లేదు.

“చూశావా, ఎలా పట్టేస్తోందో! ఆ రోజూ ఇదే జరిగింది. నువ్వేమో నాకేదో అయిందంటావు.”



ఆయన కుట్టు మిషన్లు బాగుచేసే మనిషి. మర ఎంత మొండిదైనా ఓపికకు లొంగాల్సిందేనని నమ్మకం. ఇంట్లో ఫ్యాను చెడినా, పంపు చెడినా, కారు చెడినా విప్పేది ఆయన, పనిముట్లు అందించేది ఆమె. ముప్పై ఏళ్ళుగా ఇదే వరస. కారు పనైతే ముందు బ్యాటరీ తీగ ఊడదీస్తాడు, ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెడతాడు, అన్నీ రెండేసి సార్లు చూసుకుంటాడు. ఆమె ‘వదిలాను’ అంటే మాత్రం మళ్ళీ అడగడు.

నెల కిందట, పల్లానికి దిగే రోడ్డు మీద, కారు ఉన్నట్టుండి పక్కకు పోయింది. ఎదురుగా సైకిలు మీద వస్తున్న మనిషి ప్రాణభయంతో కిందికి దూకేశాడు. పక్క సీట్లో ఉన్న ఆమె స్టీరింగు పట్టుకుని గుంజింది. రోడ్డు పక్క గోడ ఇంకా జానెడు దూరం ఉందనగా బండి ఆగింది.

“మీ కళ్ళు మూతపడ్డాయండీ. నేను చూశాను. ఒక్కసారి డాక్టరు దగ్గరికి వెళ్దాం” అని ఆమె ఎంత బతిమాలినా ఆయన వినలేదు.

“చక్రానికి రోగమైతే నాకు మందు పోయిస్తావా?” అన్నాడు. పైగా, అమ్మాయి చెవిన వేయనని తన నెత్తి మీద చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకున్నాడు.

అప్పట్నుంచి కారు అలాగే పడి ఉంది. నిన్న బయటికి తీద్దామని చూస్తే వెనక చక్రాలు తుప్పుతో నిజంగానే బిగుసుకుపోయాయి. అది చూశాక ఆయనకు ఏనుగెక్కినంత సంబరమైంది. అయితే తప్పు బ్రేకుదేనన్నమాట!

రేపు బడులు తెరుస్తారు. మనవరాలిని రోజూ కారులో తనే దింపుతానని కూతురికి మాటిచ్చేశాడు. బడికి వెళ్ళాలంటే ఆ పల్లమే దిగాలి.

“దిగు. ఆ పెద్ద స్పానరు ఇటివ్వు. మళ్ళీ విప్పుదాం.”

ఆమె దిగుతుంటే జాకీ మీద బండి కిర్రుమంది.

“కాలు అటు తీసుకోండి!”

“పడదులేవే. నీ దేవుడు ఒక చెయ్యి వేశాడుగా.”

“ఆయనకు పనులు పురమాయించకండి. ముందు కాలు తీయండి.”

నవ్వుతూ కాలు తీశాడు. చక్రం ఊడదీసి, లోపలి ఇనుప డ్రమ్మును చెక్క సుత్తితో నాలుగు దెబ్బలు తట్టాడు. పొద్దున గంటసేపు ఏడిపించిన డ్రమ్ము ఇప్పుడు ఇట్టే చేతిలోకి వచ్చింది. ఆయన నుదురు ముడిపడింది.

“ఇదేం దయ్యమే! కాసేపు ఊరుకుంటే దానంతటదే వదులుతోంది. తొక్కితే మళ్ళీ పట్టేస్తోంది.”

“దారిలో ఇలాగే పట్టేస్తే?” అంది ఆమె. “చిట్టి ఉంటుందండీ బండిలో.”

“అందుకేగా ఈ తంటా అంతా.”

తడిగుడ్డతో దుమ్ము తుడిచాడు. డ్రమ్మును లోపలి నుంచి పట్టి ఆపే బ్రేకు షూలను గరుకు కాగితంతో ఇంకోసారి రుద్దాడు. స్ప్రింగులు ఒక్కొక్కటీ లాగి చూశాడు. దేనికీ వంక పెట్టడానికి లేదు. ఆ లేకపోవడమే ఆయన్ని భయపెట్టింది.

మనవరాలు కొత్త బ్యాగు తగిలించుకుని గుమ్మంలోకి వచ్చింది.

“తాతయ్యా, రేపు నేను ముందు సీట్లో కూర్చుంటా! నీ పక్కన!”

“నువ్వు కాక ఇంకెవరే కూర్చునేది?”

“అమ్మమ్మ ఇంట్లోనే ఉండాలి. సరేనా అమ్మమ్మా?”

ఆమె నవ్వబోయింది. పెదవులు సాగాయిగానీ నవ్వు రాలేదు.

చక్రం బిగించాక ఆమె మళ్ళీ సీట్లో కూర్చుంది. రోజూ దీపం దగ్గర తలుచుకునే పేరునే తలుచుకుంది. ఒట్టు తప్పితే ఆయనకే కీడంటారు. నిలబెట్టుకుంటే కీడు రాదని నువ్వు మాటిస్తావా స్వామీ? అడిగింది. ఎప్పటిలాగే దేవుడు పలకలేదు.

“ఇదిగో, తొక్కకముందు బొంగరంలా తిరుగుతోంది!” వెనక నుంచి భర్త కేక. “ఇదే ఆఖరు. ఇప్పుడూ పట్టేస్తే ఇంక నా వల్ల కాదు. తొక్కు!”

తొక్కింది.

“వదులు!”

“వదిలాను.”

చక్రం తిరిగిన చప్పుడు లేదు. ఆయన మూలుగు వినిపించింది. మోకాలు ఆన్చి గుంజాడు, తిట్టాడు, ఇంకోసారి గుంజాడు. చివరికి నేల మీద చతికిలబడ్డాడు.

“ఏమే... పూర్తిగా వదిలావా?”

ముప్పై ఏళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు.

“ఎన్నడూ లేనిది, ఇవాళ అడుగుతున్నారేంటండీ?”

“తప్పయిందిలే. బుర్ర పనిచేయడం లేదు.” చేతుల జిడ్డు గుడ్డకు తుడుచుకున్నాడు. “అమ్మాయికి చెప్పు, చిట్టిని స్కూలు బస్సులోనే పంపమని. ఈ బండిని పాతసామాన్ల వాడికి ఇచ్చేద్దాం. పసిపిల్లని ఎక్కించుకుని దీన్ని నడపాలంటే నాకే భయమేస్తోంది.”

“అలాగేనండీ” అంటూ ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆమె కాలు ఇంకా బ్రేకు మీదే ఉంది.