జనం మెచ్చిన గొడవ

“ఎవరండీ ఈవిడ?”

బస్టాపులో అందరూ తలలు తిప్పారు. ఒకావిడ మొగుడి కాలర్ పట్టుకుని నిలబడింది. అతని చెయ్యి ఇంకో అమ్మాయి భుజం మీద ఉంది.

“ఆఫీసులో ఊపిరాడని పని అన్నారే! ఇదేనండీ ఆ పని?”

“అది కాదే... ఈమె మా... మా ఆఫీసే...”

జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. “ఇల్లాలి ఉసురు తగులుతుందయ్యా నీకు!” అని ఒక పెద్దాయన చేతికర్ర ఎత్తాడు.

అప్పుడు మొగుడు చొక్కాలోంచి చుట్టిన బ్యానర్ సర్రున లాగాడు. ఒక కొస పెళ్లాం పట్టుకుంది. రెండో కొస ఆ అమ్మాయి పట్టుకుంది.

‘ఇంతకన్నా పెద్ద గొడవ మా థియేటర్లో! కడుపు చెక్కలైతే మా పూచీ లేదు!’

జనం నోరెళ్లబెట్టారు. మరుక్షణం పగలబడి నవ్వారు. పెద్దాయన కర్ర దించి తనూ నవ్వాడు.

ఈ ఆలోచన మొగుడిదే. థియేటర్లో పబ్లిసిటీ పని అతనిది. వచ్చింది నవ్వుల సినిమాయే గానీ, మొదట్లో హాల్లో ఈగలు తోలుకున్నారు. పొడుగు కర్రల మీద జోకరును నడిపించాడు. ఎవరూ తలెత్తి చూడలేదు. గాడిదకు కళ్లజోడు పెట్టి వీధుల్లో తిప్పాడు. పిల్లలు గాడిద వెంట పోయారు, గాడిద దాని ఇంటికి పోయింది.

“జనం రాకపోతే నీ బుర్ర నాకెందుకయ్యా, ఊరగాయ పెట్టుకోనా?” అన్నాడు మేనేజరు.

ఆ సాయంత్రం కుట్టు మిషన్ పక్కన కూర్చుని పెళ్లాంతో చెప్పాడు. “మొగుడూ పెళ్లాల గొడవను మించిన తమాషా లేదే. రోడ్డు మీద ఆడి చూపిద్దాం. పెళ్లాం వేషం నీదే.”

“నాదా? బస్సు ఆపమనడానికే నాకు నోరు పెగలదు!”

“నేనున్నానుగా.”

రెండో ఆడమనిషి వేషానికి టికెట్ కౌంటర్లో కూర్చునే అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చాడు. ఆ పిల్ల అతనికి బారెడు దూరంలో బిగుసుకుపోయి నిలబడింది. పెళ్లాం పెదాల మధ్య పెట్టుకున్న గుండుసూదులు తీసి మరీ నవ్వింది.

“అలా కరెంటు స్తంభంలా ఉంటే ఎవరు నమ్ముతారమ్మా? దగ్గరికి జరుగు. చెయ్యి పట్టుకో. నన్ను చూసి మొహమాటపడకు.”

“సరే అక్కా.”

ఆ పిల్ల కోసం మంచి రంగు చూసి ఒక డ్రెస్సు కూడా కుట్టిపెట్టింది.

మొదట్లో పెళ్లాం తడబడింది. “మొగుణ్ణి దులిపేసేటప్పుడు ‘అండీ’ ఏంటమ్మా?” అని మేనేజరు తల కొట్టుకున్నాడు. జనం మాత్రం ఆ ‘అండీ’కే పొట్ట పట్టుకుని నవ్వారు. దాన్నలాగే ఉంచేశారు. బ్యాంకు మెట్లు, పార్కు గేటు, కూరగాయల మార్కెట్... రోజుకో చోట గొడవ. హాలు నిండింది. ఊళ్లో ముగ్గురికీ పేరొచ్చింది. అతనూ ఆ అమ్మాయీ స్కూటర్ మీద వెళ్తుంటే, “పారిపోండి, అక్క వస్తోంది!” అని కిటికీల్లోంచి కేకలు. అది విని పెళ్లాం కూడా పడీ పడీ నవ్వేది.

ఆ రోజు గొడవ కర్టెన్ల కొట్టులో జరిగింది.

అతనూ ఆ అమ్మాయీ ఒక తెరను చెరో పక్కా పట్టుకుని చూస్తున్నారు. “పడగ్గదికి ఈ రంగే బాగుంటుంది” అంటోంది అమ్మాయి. పెళ్లాం గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. తర్వాత లోపలికొచ్చి మొగుడి కాలర్ పట్టుకుంది.

“ఎవరి పడగ్గదికి?”

“వచ్చేసింది, అక్క వచ్చేసింది!” కొట్టు యజమాని స్టూలు దిగి పక్క కొట్లవాళ్లను కేకేశాడు. మొగుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. అమ్మాయి చేతిలోంచి తెర జారి పడింది.

“అబ్బ, ఎంత సహజంగా చేస్తున్నారో!” అంది ఒక ముసలావిడ.

“చెప్పు. నా మొహం చూసి చెప్పు. ఎన్నాళ్ల నుంచి?”

“అక్కా...”

“నన్ను అక్కా అనకు!” మొగుడి చెంప ఛెళ్లుమంది. ఈలలు పడ్డాయి. ఆమె జనం వైపు తిరిగింది. “మీరే చెప్పండి, ఇది న్యాయమేనా?”

“న్యాయమే!” అని కుర్రాళ్లంతా ఒక్క గొంతుతో అరిచారు. కొట్టు దద్దరిల్లింది.

ఆమె ఇంకేదో అనబోయింది. బొటబొటా కన్నీళ్లు కారాయి.

“బ్యానర్ ఏది గురూ?” అన్నాడెవరో.

మొగుడు చుట్టూ చూశాడు. ఎటు చూసినా నవ్వు మొహాలే. మెల్లగా అతని మొహం తేటపడింది. “హడావిడిలో మర్చిపోయామండీ!” అని నవ్వి, నాలుగు పక్కలా తిరిగి దండం పెట్టాడు. మోచేత్తో పొడిస్తే అమ్మాయి కూడా పెట్టింది. చప్పట్లు ఆగలేదు.

ముసలావిడ వచ్చి పెళ్లాం బుగ్గలు నిమిరింది. “ఏం చేశావే తల్లీ, నా దిష్టే తగిలేలా ఉంది! నేనింకా చూడనేలేదు, సాయంత్రమే ఇంటిల్లిపాదీ వెళ్తాం మీ సినిమాకి.”

ఆ సినిమాను కిందటి శుక్రవారమే థియేటర్లోంచి ఎత్తేశారు.