ఐదో కుర్చీ

ఠప్‌మని చప్పుడైంది. తాతాజీ నుదురు గుమ్మానికి కొట్టుకుంది.

"ఇదేం గుమ్మమండీ బాబూ! కోళ్ళగూడుకి పెట్టినట్టు!" అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

"ఇక్కడ రాజైనా వంగే రావాలండి. టీ గది ఆచారం," అన్నాడు లోపలి నుంచి గైడ్ సుకుమార్. ఐదేళ్ళు జపాన్‌లో ఉద్యోగం చేసినవాడు. వాళ్ళ భాషా తెలుసు, పద్ధతులూ తెలుసు.

రాజమండ్రి నుంచి టూర్‌కి వచ్చిన బృందం తొమ్మిది మంది. క్యోటోలోని ఆ టీ గదిలోకి ఎనిమిది మంది విసుక్కుంటూ, నవ్వుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ చేరారు. చివరివాడు జయపాల్. చెప్పులు విడిచి, ఎవరికీ అడ్డం రాకుండా ఓ పక్కకి సర్దాడు. నడుం వంచి, గుమ్మానికి ఎక్కడా తగలకుండా లోపలికి వచ్చాడు. అందరికన్నా చివర, తలుపు పక్కన కూర్చున్నాడు.

అరవై ఆరేళ్ళు. సోషల్ మాస్టారుగా రిటైరయ్యాడు. భార్య బేబి పోయి రెండేళ్ళు. కొత్తవాళ్ళతో మాట కలిపే పని ఎప్పుడూ ఆమే చూసుకునేది. ఆమె పోయాక ఆ పని చేసేవాళ్ళు లేరు.

హోటళ్ళలో టేబుల్‌కి నాలుగు కుర్చీలు. నలుగురు, నలుగురు, ఒకడు. ఐదు రోజులుగా ఆ ఒకడు జయపాలే. గోడ వైపు తిరిగి తినేవాడు. పక్క టేబుల్ నుంచి నవ్వులు వినపడేవి. దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు. ఒక్క పూటైనా "రండి మాస్టారూ" అని ఎవరైనా పిలిస్తే బాగుండుననిపించేది.

మొదటి రోజు బస్సులో తాతాజీ పలకరించాడు, నిజమే.

"మాది రామచంద్రపురం దగ్గరండి. మా నాన్నగారి టీ హోటల్ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. మీదేవూరండి?"

"కాకినాడలో ఉంటానండి," అన్నాడు జయపాల్. తర్వాత కిటికీలోంచి బయటికి చూశాడు. మాట అక్కడే తెగిపోయింది.

ఇప్పుడు గదిలో కుంపటి మీద నీళ్ళు సన్నగా మరుగుతున్నాయి. టీ కలిపే పెద్దావిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఆకుపచ్చ పొడిలో వేడినీళ్ళు పోసి, వెదురు పుల్లల కుచ్చుతో చిలుకుతోంది. మోకాళ్ళు మడిచి మడమల మీద కూర్చోమన్నాడు సుకుమార్. ఐదు నిమిషాలకే గణేష్‌బాబు కాళ్ళు చాపేశాడు.

"పాలెప్పుడు పోస్తుందండీ?" గుసగుసగా అడిగింది తాతాజీ భార్య రామలక్ష్మి.

"పొయ్యదంట. పంచదార కూడా లేదంట. మా నాన్నగారు చూసుంటే ఈవిడని గరిటె పుచ్చుకుని తరిమేవారు!" అన్నాడు తాతాజీ.

అందరూ కిసుక్కున నవ్వారు.

ఒక్కొక్కరికీ గిన్నె వస్తోంది. తాతాజీ చేతులు చాచి ఆవిడ చేతిలోంచే అందుకోబోయాడు. ఆవిడ కంగారుపడింది. రామలక్ష్మి ఒక్క గుక్క తాగి, "పసరండీ," అని గిన్నె పక్కకి తోసేసింది.

జయపాల్ వంతు వచ్చింది.

అతను చెయ్యి చాచలేదు. ఆవిడ గిన్నె చాప మీద పెట్టి, చెయ్యి పూర్తిగా వెనక్కి తీసుకునేదాకా ఆగాడు. అప్పుడు తల వంచి రెండు చేతులతో గిన్నె అందుకున్నాడు. చప్పుడు కాకుండా, చివరి చుక్కదాకా తాగాడు. పెదవి తగిలిన చోటు వేలితో తుడిచాడు. ఎక్కడి నుంచి తీశాడో సరిగ్గా అక్కడే పెట్టి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కాస్త వెనక్కి జరిగాడు.

ఇవేవీ సుకుమార్ చెప్పలేదు.

పెద్దావిడ చేతిలో పని ఆపేసింది. జయపాల్ వైపు తిరిగి, రెండు చేతులూ నేలకి ఆనించి వంగి నమస్కరించింది. తర్వాత చాలాసేపు ఏదో చెప్పింది. సుకుమార్ మొహం వెలిగిపోయింది.

"మాస్టారూ! ఈవిడ నలభై ఏళ్ళుగా ఇది నేర్పుతోందంట. ఇంత అణకువ ఎవరిలోనూ చూళ్ళేదంట. ఒక్కరోజులో వచ్చేది కాదిది, చిన్నప్పుడే ఎవరో గట్టిగా నేర్పి ఉండాలంటోంది. మీ గురువుగారెవరని అడుగుతోంది!"

ఎనిమిది తలలూ ఒకేసారి అతని వైపు తిరిగాయి.

"పుస్తకాల్లో చదివుంటారు. మాస్టారు కదా," అంది గణేష్‌బాబు భార్య నాగదుర్గ.

"కాదెహే, యూట్యూబ్!" అన్నాడు గణేష్‌బాబు.

తాతాజీ మోకాళ్ళ మీద పాకుతూ దగ్గరికి వచ్చి, జయపాల్ భుజం మీద చెయ్యి వేశాడు. "ఏంటండీ ఇది! ఇంత విద్య దాచుకుని ఐదు రోజులూ గోడవారన కూర్చున్నారా? రాత్రికి మా టేబుల్ దగ్గర ఐదో కుర్చీ వేయిస్తున్నా. కాదంటే ఒప్పుకోను. మన పరువు నిలబెట్టారండీ బాబూ!"

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. బేబి పోయాక అతన్ని ఎవరూ అలా తాకలేదు.

ఎదురుచూసిన పిలుపు వచ్చేసింది. యూట్యూబ్ అనేస్తే సరిపోతుంది. నవ్వి ఊరుకున్నా సరిపోతుంది. కుర్చీ ఉంటుంది. రాత్రికి ఆ నవ్వులు దేనికో తెలుస్తుంది.

"చెప్పండి మాస్టారూ," భుజం ఊపాడు తాతాజీ. "ఎవరండీ ఆ మహానుభావుడు?"

జయపాల్ ఖాళీ గిన్నె వంక చూశాడు. తర్వాత తాతాజీ వంక చూశాడు.

"మీ నాన్నగారేనండి," అన్నాడు మెల్లగా, "మాది మీ ఊరి చివర పేటేనండి, హోటల్ బయట మట్టిలో కూర్చోబెట్టి, చెయ్యి తగలకుండా మా గ్లాసు కింద పెట్టేవారు, తాగాక మేమే కడిగి మళ్ళీ చూరులో పెట్టి వెళ్ళేవాళ్ళం."